అరటిపండ్ల బండి మీద ఫ్రిజ్

మా అక్కకు రెండు పట్టింపులుండేవి. ఒకటి, అరటిపండ్లు ఫ్రిజ్‌లో పెట్టకూడదు. రెండోది, ఎక్కడికి వెళ్లినా చేరగానే తనకు తెలియాలి. మొదటిది నేను ఎన్నిసార్లు మర్చిపోయానో లెక్కలేదు. నల్లబడ్డ పండు తెచ్చి నా చేతిలో పెట్టి, "తిను, నువ్వేగా పెట్టావు" అనేది. రెండోది మాత్రం ఎప్పుడూ తప్పలేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠీకి వెళ్లినా సరే, బస్సు దిగి ఒక మిస్డ్ కాల్ ఇవ్వాల్సిందే. ఒక్క రింగు. చేరానని దానర్థం. ఆవిడ ఎత్తదు, నేను మాట్లాడను. ఆ రింగు కాస్త ఆలస్యమైతే నేను పనిచేసే స్కూలు ఆఫీసుకు ఫోన్ చేసి, "హిందీ టీచరుగారు వచ్చారాండీ?" అని అడిగి నా పరువు తీసేది.

అక్క పోయిన తొమ్మిది నెలలకు నేను ఇల్లు మారాల్సి వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మేమిద్దరం ఇరవై రెండేళ్లు ఉన్న వెనక పోర్షన్‌ను, ముందు ఇంటితో సహా పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతామన్నారు ఇంటివాళ్లు. ఎల్.బి.నగర్ చౌరస్తా దాటాక ఒక సందులో గది, వంటిల్లు దొరికాయి. "ఒక్క మనిషికి ఇంతకంటే ఎందుకు మేడం" అన్నాడు బ్రోకరు. మంచికే అన్నాడు, నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆ రోజుల్లో నాకు ఒళ్లు మండని మాటంటూ లేదు.

మాది గుంటూరు వైపు. అక్కకు పెళ్లయిన మూడేళ్లకే బావగారు పోయారు. అప్పటికే నేను ఇక్కడ ఉద్యోగంలో ఉన్నాను, తనూ నా దగ్గరికి వచ్చేసింది. నాకు పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని అడిగేవాళ్లు కూడా మెల్లగా అడగడం మానేశారు. అక్క ఇంట్లోనే జాకెట్లు కుట్టేది, ఆ కుట్టుపని మీదే ఫ్రిజ్ కొంది. ఒంటి తలుపుది, పాలకోవా రంగు. మోటరు మొదలైనప్పుడు ఒళ్లంతా ఒకసారి జలదరించేది. తలుపులో నీళ్ల సీసాలు గలగలమనేవి. తర్వాత ఓ అరగంట గుర్రుమంటూ ఉండి, మళ్లీ ఒకసారి వణికి ఆగిపోయేది. "ఈ ఇంట్లో మగగొంతు ఇదొక్కటేనే" అనేది అక్క, ప్రతి దసరాకూ దానికి కుంకుమబొట్టు పెడుతూ.

అక్క పోయాక ఆ ఇంట్లో నేను కాకుండా చప్పుడు చేసేది అదొక్కటే మిగిలింది. ఈ మాట అప్పట్లో ఎవరితోనూ చెప్పలేదు, చెబితే నవ్వుతారని. స్కూలు నుంచి వచ్చి తాళం తీసేసరికి అది గుర్రుమంటూ ఉంటే చెప్పులు నింపాదిగా విప్పేదాన్ని. ఆగి ఉంటే, మొదలయ్యేదాకా చీర కూడా మార్చుకోకుండా కుర్చీలో కూర్చునేదాన్ని. ఒంటరితనం అంటే ఏడుస్తూ కూర్చోవడం అనుకునేదాన్ని. కాదు, ఫ్రిజ్ ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తూ కూర్చోవడం.

ఇల్లు మారేముందు దాన్ని ఒకసారి చూడమని మెకానిక్‌ను పిలిచాను. అతను వెనక కూర్చుని మోటరు మీద చెయ్యి పెట్టి, రోగిని చూసే డాక్టరులా పెదవి విరిచాడు.

"మేడం, గిది ఇంకా నడుస్తుందంటేనే గొప్ప. తీస్కపోతే నిలవెట్టే తీస్కపోవాలె. పండవెట్టిన్రనుకో, మోటర్లున్న ఆయిల్ పైపులకెక్కుతది. ఇగ ఖతం. చేరినంక గూడ నాలుగైదు గంటలు ప్లగ్గు పెట్టొద్దు."

"పాడైతే బాగుచెయ్యలేరా?"

"దీని సామాను ఇప్పుడేడ దొరుకుతది? ఇచ్చేసి కొత్తది తీస్కోరాదు మేడం."

అందరూ అదే అన్నారు. స్టాఫ్‌రూములో ఒకావిడ తన కొత్త ఫ్రిజ్ గురించి గొప్పగా చెప్పింది, "అసలు చప్పుడే ఉండదు, ఉందో లేదో కూడా తెలీదు" అని. అదే నాకొద్దు అని నాలో నేను అనుకున్నాను. అది ఉన్నట్టు నాకు తెలియాలి.

మెకానిక్ చెప్పినవన్నీ చేశాను. రెండు రోజుల ముందే లోపలున్నదంతా తీసేసి, చల్లదనం మీటను సున్నాకు తిప్పి, తలుపు బార్లా తెరిచి మంచు కరిగించాను. గుడ్డపెట్టి తుడిచాను. గాజు అరలు తీసి పాత దుప్పట్లలో చుట్టాను. ప్లగ్గు తీసిన ఆ క్షణం నుంచే ఇల్లు వేరేవాళ్లది అయిపోయినట్టనిపించింది.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపోలు దాటడం లేదు, స్కూళ్లు మూతబడ్డాయి. మర్నాడు బంద్ అని తెలిసి ముందు రోజే ఒక టెంపో మాట్లాడుకున్నాను. మంచం, బీరువా, అక్క కుట్టుమిషను ఎక్కించాక టెంపో వాళ్లు ఫ్రిజ్‌ను పండబెట్టబోయారు. నేను అడ్డం నిలబడ్డాను.

"నిలవెడితే పైన కేబుల్ వైర్లు తాకుతయ్ మేడం. ఎన్ని ఫ్రిజ్‌లు తీస్కపోలేదు మేము!"

"వాటిలో ఇది లేదుగా" అన్నాను.

మాటామాటా పెరిగింది. నాకు నోరు ఊరుకోదు. పిల్లలకు పాఠం చెప్పినట్టు వాళ్లకు బండి తోలడం చెప్పబోయాను. వాళ్లు ఫ్రిజ్‌ను వరండాలో గోడవారన దించేసి, మిగతా సామానుతో నన్ను ఎల్.బి.నగర్‌లో దింపి, నమస్తే కూడా పెట్టకుండా వెళ్లిపోయారు.

కొత్త ఇంట్లో పాలు పొంగించాను. పాలు పొంగినప్పుడు పక్కన ఎవరైనా ఉండాలి, "పొంగాయి, పొంగాయి" అనడానికైనా. నేనే అనుకుని, నేనే ఒక గ్లాసు తాగాను. మిగిలినవి పొద్దుటికి విరిగిపోయాయి. ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, సందులో కుక్కలు మొరుగుతూనే ఉన్నాయి. గదిలో మాత్రం ఎవరూ లేరని ప్రతి నిమిషం తెలుస్తూ ఉంది.

పొద్దున్నే ఇంటివాళ్లు ఫోన్ చేశారు. మర్నాడు కూలీలు వస్తారనీ, సాయంత్రంలోగా ఫ్రిజ్ తీయకపోతే పాత సామాను వాళ్లకు ఇచ్చేస్తామనీ అన్నారు. ఆటో లేదు, బస్సు లేదు. కొంగు బిగించి దిల్‌సుఖ్‌నగర్‌కు నడిచాను. రోడ్డు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఖాళీ. షట్టర్లన్నీ దించి ఉన్నాయి. కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ర్యాంకులొచ్చిన పిల్లలు ఎవరూ లేని రోడ్డుకేసి చూసి నవ్వుతున్నారు.

మా పాత సందు మలుపులో ఒక అరటిపండ్ల తోపుడుబండి ఉంది. గెలలు సగం గోనెపట్టా కింద ఉన్నాయి. బండి పక్కన రోడ్డు అంచు రాయి మీద భార్యాభర్తలు కూర్చుని ఉన్నారు. అతనికి నా వయసుంటుంది, ఆమె పదేళ్లు చిన్నది. బంద్ నాడు పండ్లు ఎవరు కొంటారు? బండి మీద సామాను చేరుస్తారా అని మొహమాటపడుతూనే అడిగాను.

"ఏం సామానక్కా?" అంది ఆమె.

"ఫ్రిజ్. ఎల్.బి.నగర్ దాకా. కాకపోతే నిలబెట్టే తీసుకెళ్లాలి. పడుకోబెట్టకూడదు."

"నిలవడే పోతది తియ్యి. మేమేమన్న పండుకుంట పోతమా?" అని ఆమె పకపకా నవ్వింది. అతను లేచి గెలలన్నీ ఎదురుగా మూసి ఉన్న కొట్టు మెట్ల మీదకు చేర్చి, వాటి మీద పట్టా కప్పాడు. ఆ రోజంతా అతను పది మాటలు మాట్లాడి ఉంటే ఎక్కువ.

బండి మీద గోనెలు పరిచారు. ముగ్గురం కలిసి ఫ్రిజ్‌ను ఎత్తి నిలబెట్టాం. అతను తాళ్లతో నాలుగు వైపులా బండి చట్రానికి బిగించాడు. తలుపు తెరుచుకోకుండా దాని నడుముకు కట్టడానికి నేను అక్క పాత నేతచీర ఒకటి తెచ్చాను. కట్టబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. తలుపు తెరిచి లోపలికి చూసింది.

"గిట్ల ఖాళీగ తీస్కపోతవా అక్కా కొత్తింటికి?"

"మెకానిక్ అన్నీ తీసెయ్యమన్నాడు."

"మెకానిక్‌కేమెరుక?" అని పట్టా కింద నుంచి ఒక అత్తం అరటిపండ్లు తెచ్చి, పేపరులో చుట్టి, అడుగునున్న కూరగాయల డబ్బాలో పెట్టి తలుపు మూసింది.

కొత్త ఇంటికి ఏ పాత్రా ఖాళీగా పోకూడదు. బియ్యం డబ్బాలో బియ్యం, బిందెలో నీళ్లు ఉండాలి. అక్క ఉంటే ఆ ముందు రోజే నాకు పది సార్లు చెప్పేది. నాకు గుర్తే రాలేదు. నా వాళ్లు చెప్పాల్సిన మాట రోడ్డు మీద మనిషి చెప్పిందని సంతోషించాలో బాధపడాలో తెలియలేదు. ఫ్రిజ్‌లో అరటిపండ్లా అని నోటిదాకా వచ్చింది. ప్లగ్గే లేదు కదా అని ఊరుకున్నాను.

అతను వెనక నుంచి తోస్తున్నాడు. ఆమె ఎడమవైపు, నేను కుడివైపు చేతులు ఆనించి నడుస్తున్నాం. రోజూ బస్సులు, ఆటోలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయే ఆ రోడ్డు నడిమధ్యన మా ఫ్రిజ్ నిటారుగా నిలబడి ఊరేగుతూ వెళ్లింది. అక్క చూస్తే ఎంత నవ్వేదో. చైతన్యపురి దాకా ఆమె నన్ను ఒక్కొక్క ప్రశ్నే అడుగుతూ వచ్చింది.

"ఎంతమందుంటరక్కా మీరు?"

"నేనొక్కదాన్నే."

"గింత పెద్ద ఫ్రిజ్‌ల ఒక్కదానివి ఏం పెట్టుకుంటవ్?"

నేను ఫ్రిజ్ నడుముకు కట్టిన చీర ముడి సరిచేశాను. ఆమె మాట మార్చింది. తమది చౌటుప్పల్ దగ్గర పల్లె అని, సరూర్‌నగర్‌లో ఉంటున్నామని, తన మొగుడికి మాటలు రావని కాదు, అన్నీ తనే వాడేసుకుంటుందని చెప్పింది.

కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర దారి ఆగిపోయింది. రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. అడ్డంగా బండరాళ్లు పెట్టారు. ఇటుకల పొయ్యిల మీద పెద్ద పెద్ద డేగిశాల్లో అన్నం, పప్పు ఉడుకుతున్నాయి. జనం రోడ్డు మీదే వరసగా కూర్చుని విస్తరాకుల్లో తింటున్నారు. ఎవరో పాడుతుంటే అందరూ కోరస్ పడుతున్నారు. కట్టెల పొగ ఫ్రిజ్ చుట్టూ తిరిగింది.

నేను ఫ్రిజ్ చాటుకు జరిగాను. నిజం చెప్పాలంటే, ఉద్యమం నడిచిన ఆ రెండేళ్లలో నన్నెవరూ ఒక్క మాట అనలేదు. స్టాఫ్‌రూములో నేను అడుగు పెట్టగానే మాటలు మాత్రం ఆగిపోయేవి. అటు గుంటూరు నుంచి చుట్టాలు ఫోన్ చేసి, "అక్కడెలా ఉంటున్నావే, వచ్చెయ్" అనేవాళ్లు. ఎవరింటికి రావాలో ఒక్కరూ చెప్పలేదు. రెండు వైపులా విసిగిపోయి నేను బయట నోరు తెరవడం తగ్గించాను. నోరు తెరిస్తే నా ఊరు తెలిసిపోతుందని.

మెడలో కండువా వేసుకున్న ఒక పెద్దాయన మా దగ్గరకొచ్చాడు. "ఏడికమ్మా ఫ్రిజ్ తీస్కపోతున్నరు? ఇండ్ల సల్లనీళ్లున్నయా?" అని నన్నే అడిగాడు. నేను నేల చూశాను.

"మా అక్క ఇల్లు మారుతుంది పెద్దనాయినా" అంది బండి ఆమె. "జర తొవ్వియ్యున్రి."

మా అక్క అంది. ఆ మాటకు నాకు ఏదోలా అయింది. పుట్టినప్పటి నుంచి నేను చెల్లెలినే. నన్ను పట్టుకుని మా అక్క అన్నవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు.

"తొవ్విస్తం గని, తిన్నంకనే. తినకుంట పోతే ఒప్పుకోం" అన్నాడు పెద్దాయన. బండిని పక్కకు తీయించి మమ్మల్ని వరసలో కూర్చోబెట్టారు. పొద్దుట్నుంచీ నేను ఏమీ తినలేదు. విస్తట్లో వేడి అన్నం, పప్పు పడేసరికి కళ్లు తిరిగినంత పనైంది. పక్కన వంద మంది కూర్చుని తింటుండగా నేను తిని ఎన్ని నెలలైందో. నాలుగు ముద్దలు తిన్నాక పెద్దాయన మళ్లీ వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఎట్లుందమ్మా పప్పు?"

తల ఊపేసి ఊరుకుంటే సరిపోయేది. కానీ వంట విషయంలో అబద్ధం చెప్పడం మా ఇంటా వంటా లేదు.

"ఉప్పు కొంచెం తక్కువైందండీ" అన్నాను.

ఒక్క క్షణం చుట్టుపక్కల వాళ్లు తలెత్తి చూశారు. ఆ "అండీ" నా ఊరు పేరు చెప్పేసింది. పెద్దాయన పొయ్యి వైపు తిరిగి గట్టిగా అరిచాడు.

"ఇన్నవారా? నేను పొద్దుగాలనే చెప్పిన, ఉప్పు తక్కువైందని. నా మాట ఎవడింటడు? ఉప్పు తేరా!"

అందరూ నవ్వారు. నా విస్తట్లో చిటికెడు ఉప్పు పడింది. అంతకుమించి ఏమీ జరగలేదు. తిరిగి ఎవరి ముద్ద వాళ్లు తిన్నారు. రెండేళ్లుగా నేను మోసిన భయం ఇంతేనా అని కాస్త సిగ్గేసింది కూడా.

తిన్నాక రెండు బండరాళ్లు జరిపి మాకు దారిచ్చారు. తప్పు అక్కడే జరిగింది. ముందు చక్రం ఒక రాయి అంచుకు తగిలి, పక్కకు జారి దడాలున దిగింది. ఎడమవైపు తాడు వదులై ఫ్రిజ్ మొత్తం ఆమె మీదకు ఒరిగింది. ఆమె వెనక్కి జరగలేదు. భుజం అడ్డం పెట్టి ఆపింది. అతను పరుగున వచ్చి ఎత్తి నిలబెట్టాడు. అప్పుడే ఫ్రిజ్ వెనక నుంచి బొటబొటా నీళ్లు కారి రోడ్డు మీద పడ్డాయి.

"పట్టుకోమన్నానుగా! ఆ మాత్రం చూసుకోవద్దా?" అని అరిచాను.

ఆమె భుజం రుద్దుకుంటూ ఆ నీళ్ల వైపే చూస్తోంది. ముఖంలో రక్తం లేదు. "ఖరాబైందా అక్కా?" అంది. నీకు దెబ్బ తగిలిందా అని నేను అడగలేదు. నాకు నీళ్లే కనిపించాయి. ఫ్రిజ్‌ను పూర్తిగా ఆరబెట్టిన నాకు ఆ నీళ్లెక్కడివో తెలియలేదు. మోటరులో ఏదో పగిలిందనే అనుకున్నాను. నీళ్లే కాదు, గ్యాసూ పోయి ఉంటుంది, ఆయిలూ ఎక్కి ఉంటుంది, అంతా అయిపోయి ఉంటుంది అనుకున్నాను. ఎల్.బి.నగర్ దాకా మిగిలిన దారంతా నేను నోరు విప్పలేదు. మాటలన్నీ తనే వాడుకునే మనిషి కూడా నోరు విప్పలేదు.

కొత్త ఇంటి మూడు మెట్లూ అతనే జాగ్రత్తగా ఎక్కించి, వంటింటి గోడవారన, నేను చూపించిన చోట ఫ్రిజ్‌ను నిలబెట్టాడు. గోడకు జానెడు ఎడం ఉంచమన్నాను, ఉంచాడు. వెళ్లిపోతూ ఆమె గుమ్మంలో ఆగింది.

"ఇప్పుడే స్విచ్చెయ్యవా అక్కా?"

"సాయంత్రం దాకా వెయ్యకూడదు."

"మా నంబరు రాస్కో. నడిసినంక ఒక మిస్డ్ కాల్ ఇయ్యి. నడవకున్నా ఇయ్యి. నాకు మనసున పట్టదు."

ఫోన్ తీసి నంబరు ఎక్కించుకున్నాను. ఆమె పేరు అడగాలని కూడా తోచలేదు. "అరటిపండ్లు" అని పెట్టుకున్నాను.

వాళ్లు వెళ్లేసరికి ఒంటిగంట దాటింది. వంటింటి నేల మీద ఫ్రిజ్‌కు ఎదురుగా కూర్చున్నాను. ఇల్లు సర్దుకోవచ్చు, చేతులు రాలేదు. కాసేపటికి లేచి, టార్చి వేసి దాని వెనక చూశాను. మోటరు పైన ఒక చిన్న ప్లాస్టిక్ పళ్లెం ఉంది, అడుగున ఇంకా కొన్ని నీళ్లున్నాయి. ఇన్నేళ్లు దాని బూజు దులిపాను, ఆ పళ్లెం ఎప్పుడూ చూడలేదు. నేను కరిగించిన మంచే కొంత గొట్టం గుండా దిగి అందులో నిలిచింది. ఒరిగినప్పుడు అది ఒలికింది, అంతే. పోయింది నీళ్లే. అందులో ఆమె తప్పు ఇసుమంత లేదు. ఉంటే నాది, పళ్లెం ఒంపకపోవడం.

అప్పుడు గుర్తొచ్చింది ఆమె భుజం. నలభై కిలోల ఇనుము మీద పడుతుంటే పక్కకు తప్పుకోని మనిషి మీద నేను అరిచాను. అక్క ఉంటే నా చెంప ఛెళ్లుమనిపించేది. ఫోన్ చేద్దామని తీసి, ఏం చెప్పాలి, ఇంకా నడవలేదుగా అని పెట్టేశాను. నీళ్లు వేరు, ఒరగడం వేరు. ఆయిల్ ఎక్కిందో లేదో స్విచ్ వేస్తేనే తెలుస్తుంది. అప్పటిదాకా కూర్చోవడమే.

మెకానిక్ నాలుగైదు గంటలన్నాడు, నేను అయిదు పూర్తిగా ఆగాను. బయట ఎండ గోడ మీద నుంచి దిగిపోయింది. ఆరు దాటాక ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాను.

ఏమీ కాలేదు.

తలుపు తెరిచాను. లోపల బల్బు వెలిగింది. కరెంటు వస్తోంది, మోటరు కదలడం లేదు. పక్కకు చెవి ఆనించాను. ఏమీ లేదు. దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పోయింది అనుకున్నాను. అక్కను చేర్చిన ఆసుపత్రి వరండాలో కూడా అదే మాట అనుకున్నాను. "కాస్త నడవ్వే తల్లీ" అని పైకే అన్నాను. ఆ ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు నేను పైకి అన్న మొదటి మాట అదే.

ఇంతలో బల్బు పక్కనున్న మీట కనిపించింది. సున్నా దగ్గర ఉంది. మంచు కరిగించేటప్పుడు నేనే తిప్పి, మళ్లీ తిప్పడం మర్చిపోయాను. దాన్ని మూడుకు తిప్పాను.

టక్కుమంది. ఒళ్లంతా ఒకసారి జలదరించింది. ఆ తర్వాత గుర్రుమంటూ మొదలైంది.

నేల మీద కూలబడ్డాను. ఎంతసేపు విన్నానో తెలియదు. చేరింది, నిలబడే చేరింది, నడుస్తోంది. ఎవరికి చెప్పాలి? చెయ్యి దానంతటదే ఫోన్ తీసి అక్క నంబరు దగ్గర ఆగింది. ఆ ఫోను బీరువాలో చీరల కింద ఉంది, తొమ్మిది నెలలుగా చార్జింగ్ లేకుండా. కిందకు జరిపి "అరటిపండ్లు" నొక్కాను. ఒక్క రింగు. కట్ చేశాను.

చేరామని చెప్పే రింగుకు ఎవరూ తిరిగి చెయ్యరు. మా ఇంట్లో అదే పద్ధతి. నిమిషం కూడా కాకుండానే నా ఫోన్ మోగింది.

"అక్కా! నడిసిందా?"

 ఫోన్ తీసుకెళ్లి ఫ్రిజ్ వెనక, మోటరు పక్కన పెట్టాను. తిరిగి చెవి దగ్గర పెట్టుకునేసరికి ఆమె అవతల మొగుడితో గట్టిగా అంటోంది. "ఇనొస్తుందయ్యా, నడుస్తుంది! నే చెప్పలే?"

"నీ భుజం ఎలా ఉందమ్మా?" అన్నాను. "పొద్దున నేను అలా అరిచి ఉండాల్సింది కాదు. తప్పు నాదే. ఒలికింది ఉత్త మంచునీళ్లు."

"భుజానికేమైతదక్కా, నూనె రాసుకున్న. పొద్దట్నుంచి నీ ఫ్రిజ్ మీదనే పానం కొట్టుకున్నది. ఇగ నిమ్మలంగ తింట. నువ్వు తిన్నవా?"

"ఇంకా లేదు."

"తిను. అగో, అక్కా, ఆ అరటిపండ్లు బయటికి తియ్యి. ఫ్రిజ్‌ల పెడితే నల్లగైతయ్."

ఆమె పెట్టేసింది. నేను ఫోన్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. అక్క పోయిన రోజు చుట్టాలంతా ఏడవమంటే నాకు ఏడుపు రాలేదు. కళ్లు ఎండిపోయిన మనిషినని వాళ్లు అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఆ సాయంత్రం కొత్తింటి వంటగదిలో, ఫ్రిజ్ గుర్రుమంటుంటే, గొంతు పగిలేలా ఏడ్చాను. పక్క పోర్షన్ వాళ్లకు వినపడుతుందని కూడా చూడలేదు.

తర్వాత ముఖం కడుక్కుని, తలుపు తెరిచి, అరటిపండ్ల అత్తం తీసి ఫ్రిజ్ నెత్తిన పెట్టాను. అక్క ఎప్పుడూ పెట్టేది అక్కడే.